లోపలి గొంతుకి చూయింగ్ గమ్

మొన్న సంక్రాంతికి మా అక్క కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాడు. గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాడు. ఉండేది అశోక్‌నగర్‌లో, పగలంతా చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో. పండగ పూట కూడా పుస్తకం వదల్లేదు, సంతోషమే. కానీ చదువుతున్నంతసేపూ దవడ ఆడిస్తూనే ఉన్నాడు. అరిసెలు తినరా అని పళ్ళెం చేతికిస్తే, నోట్లోది తీసి కాగితంలో చుట్టి, జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు.

"ఏంట్రా అది, అస్తమానం నమలడం?"

"చూయింగ్ గమ్, పిన్నీ. చదివేటప్పుడు లోపల మాట వినపడకూడదట. నోటికి ఏదో ఒక పని పెడితే ఆ గొంతు ఆగిపోతుంది. అప్పుడు స్పీడ్ మూడింతలవుతుందట."

చెప్పింది కోచింగ్‌లో సారు. దానికి విడిగా ఫీజు కూడా కట్టాడు. ఎంతో చెప్పలేదు, వాళ్ళమ్మకి చెప్తానని భయం.

నేను ప్రూఫ్ రీడర్ని. పద్దెనిమిదేళ్ళుగా విజయవాడలో పుస్తకాలకి ప్రూఫులు చూస్తున్నాను. లోపలి గొంతు నొక్కేసి వట్టి కళ్ళతో చదవడమే నా ఉద్యోగం. మావాడు డబ్బు కట్టి నేర్చుకుంటున్న విద్యకి నాకు జీతం ఇస్తారు. ఆ చదువులో చివరికి ఏం మిగులుతుందో నాకు బాగా తెలుసు కాబట్టి వాడితో వాదన పెట్టుకున్నాను. వాడు సగంలో లేచి గాలిపటం ఎగరేయడానికి మేడ మీదకి పోయాడు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా పని సంగతి. పాత రోజుల్లో ప్రెస్సులో ప్రూఫు చూడటానికి ఇద్దరుండేవాళ్ళు. కాపీ హోల్డర్ రాతప్రతి పట్టుకుని పైకి చదువుతుంటే, ప్రూఫ్ రీడర్ అచ్చుకాగితం మీద పెన్సిలు నడిపేవాడు. నేను చేరేనాటికి ఆ పద్ధతి ఆఖరి రోజుల్లో ఉంది. మా సీనియర్ ఒకాయన, నేను గురువుగారనే పిలిచేదాన్ని, చదువుతుంటే వినాలి. "ఆ బాధ, మామూలు బ, ఒత్తు ధ, ఆమెకి మాత్రమే తెలుసు, ఫుల్‌స్టాప్, కొత్త పేరా." కథలో ఏడుపు, ఆయన గొంతులో కిరాణా లెక్క.

మామూలు బ, ఒత్తు ధ అని ఎందుకు చెప్పాలంటే, తెలుగువాళ్ళలో సగం మంది దాన్ని 'భాధ' అని రాస్తారు. నోట్లో ఆ రెండింటికీ తేడా ఉండదు. మనలో చాలామంది ఒత్తులు పలకం. చెవి సరే అనేసిన చోట కన్ను మాత్రమే పట్టుకోవాలి. అర్థం, అర్ధం కూడా అంతే. చెవికి వదిలేస్తే అర్థం అర్ధమైపోతుంది. అందుకే ప్రూఫు చూసేటప్పుడు వాక్యం కింద స్కేలు పెట్టి, అక్షరం అక్షరం గుచ్చిగుచ్చి చూస్తాం. మరీ అనుమానంగా ఉంటే పేజీ చివరి లైను నుంచి పైకి చదువుకొస్తాం. అలా చదివితే వాక్యం వాక్యంలా వినపడదు, వినపడకపోతేనే తప్పు కనపడుతుంది.

ఒకసారి మాత్రం వినపడింది. ఒక రిటైర్డ్ మాస్టారి కవితా సంపుటి. ఎందుకో ఆ రోజు కవితలు బాగున్నాయనిపించి, స్కేలు పక్కన పెట్టి మామూలు మనిషిలా చదివాను. లోపల గొంతు చక్కగా పలుకుతోంది, నేను వింటున్నాను. పుస్తకం వచ్చాక మాస్టారు ఫోన్ చేశారు. "అమ్మా, ముందుమాట పైన 'నా బావాలు' అని పడింది. నాకున్నది ఒక్క బావ, ఆయనతో కూడా మాటల్లేవు." భా ఒత్తు ఎగిరిపోయింది. ఐదొందల కాపీలు. ఆ పేజీలో స్టిక్కర్లు అంటించడానికి రెండు రాత్రులు కూర్చున్నాను.

దీనికి తిరగేసిన అనుభవాలు అంతకంటే ఎక్కువ. రెండొందల పేజీల నవల ప్రూఫు పూర్తిచేసి ఇచ్చాక ఎవరో అడిగారు, "చివర్లో ఆవిడ చనిపోవడం అన్యాయం కదండీ" అని. ఆవిడ చనిపోయిందని నాకు అప్పుడే తెలిసింది. ఆవిడ చనిపోయిన పేజీలో రెండు అచ్చుతప్పులున్నాయని మాత్రం బాగా గుర్తుంది.

మావాడు గమ్ నమిలి నమిలి చేరుకోవాలనుకుంటున్నది ఈ స్థితికే.

సరే, వాడి సారు చెప్పే లాజిక్ చూద్దాం. నోరు నిమిషానికి ఇన్ని మాటలే పలకగలదు, లోపల పలుకుతూ చదివితే నోటి వేగం దగ్గరే ఆగిపోతాం, ఆ గొంతు ఆపేస్తే కంటి వేగం వస్తుంది. వినడానికి బాగుంది. ఇది ఆయన సొంత సరుకు కాదు. 1959లో అమెరికాలో ఎవెలిన్ వుడ్ అనే టీచరు స్పీడ్ రీడింగ్ స్కూలు పెట్టినప్పటి నుంచీ ఇదే సరుకు రకరకాల ప్యాకెట్లలో అమ్ముడవుతోంది. కానీ లోపలి గొంతు నోరు కాదు. దానికి ఊపిరి తీసుకునే పని లేదు, నాలుక తిరగాల్సిన పని లేదు, సగం మాటల్ని మింగేస్తుంది, ముఖ్యమైనవి మాత్రం నొక్కి పలుకుతుంది. బెల్జియం శాస్త్రవేత్త మార్క్ బ్రిస్‌బార్ట్ 2019లో పాత పరిశోధనలన్నీ కలిపి లెక్కేస్తే, ఇంగ్లీషు చదివేవాళ్ళు పైకి చదివితే నిమిషానికి సగటున 183 మాటలు, కథలు కానివి మౌనంగా చదివితే 238. ఆ గొంతు వినపడుతున్నవాళ్ళు కూడా నోటిని దాటిపోతున్నారన్నమాట. (ఈ మాటల లెక్క మనకి పనికిరాదు లెండి. 'రాలేకపోయినవాళ్ళందరికీ' అన్నది మనకి ఒక్క మాట. దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి ఎన్ని మాటలు కావాలో మీరే లెక్కపెట్టుకోండి.)

గొంతు ఆపేసి చూసినవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలో హార్డిక్, పెట్రినోవిచ్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1960లలో విద్యార్థుల కంఠం దగ్గర ఎలక్ట్రోడ్లు అంటించారు. మౌనంగా చదువుతున్నా స్వరపేటిక దగ్గర కండరాలు సన్నగా కదులుతుంటాయి, ఆ కదలిక పెరగ్గానే మోత వచ్చేది. ఆ మోత రాకుండా చదవడం విద్యార్థులు చాలా తొందరగా నేర్చేసుకున్నారు. స్పీడ్ రీడింగ్ వాళ్ళకి పండగే. కానీ 1970లో వాళ్ళే ఇంకో సంగతి బయటపెట్టారు. తేలిక పాఠం అయితే ఫర్వాలేదు, కష్టమైనది చదవమంటే గొంతు ఆపుకున్నవాళ్ళకి సరిగా అర్థం కాలేదు. గ్రూప్-2 పుస్తకాల్లో తేలిక పాఠం ఎక్కడుందో మావాడే చెప్పాలి. 2016లో కీత్ రేనర్ బృందం స్పీడ్ రీడింగ్ మీద రాసిన పెద్ద సమీక్షలో తేల్చింది కూడా దాదాపు ఇదే: వేగం పెంచుకుంటే అర్థం తరుగుతుంది, రెండూ కలిపి ఇచ్చే చిట్కా ఏదీ లేదు.

ఇదంతా చెప్తే మావాడు "పిన్నీ, అది ఇంగ్లీషు సంగతి" అన్నాడు. బాగా అడిగాడు. తెలుగు సంగతి ఇంకా గట్టిది.

తెలుగు ఎలా రాస్తే అలా పలుకుతాం అని మనకో గర్వం. పూర్తిగా నిజం కాదు. 'చెప్పు'లో చ, 'చాప'లో చ ఒకటేనా? ఒకసారి పైకి అని చూడండి, నాలుక ఎక్కడ తగులుతోందో. రెండోదానికి ఒకప్పుడు వేరే అక్షరం ఉంది, ౘ అని చ మీద చిన్న గుర్తు పెట్టేవాళ్ళు. ఇప్పుడు మా ప్రెస్సుల్లో అది అడిగినా దొరకదు. అలాగే 'పాట'లో పా, 'చెప్పాడు'లో ప్పా. రాతలో రెండూ ఒకటే దీర్ఘం. మా కృష్ణా జిల్లా నోట్లో మాత్రం రెండోది 'బ్యాంకు'లో బ్యా లాగా సాగుతుంది. దానికి మన వర్ణమాలలో అచ్చే లేదు. అయినా 'చెప్పాడు' అని అచ్చులో చూడగానే నాకు లోపల ఆ సాగిన ధ్వనే వినపడుతుంది. కాగితం మీద లేనిది ఎక్కడినుంచి వచ్చింది? ఆ గొంతే తెచ్చింది.

ఇంకా కావాలంటే మీ ఫోన్ తీయండి. ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చే తెలుగు మెసేజ్‌లు. కిందటేడు మావాడే పంపాడు, తాతయ్యకి ఏవో నొప్పిగా ఉన్నాయి, తీసుకెళ్ళాలి అని. ఆ 'ఏవో' ఉన్న చోట కె, ఏ, రెండు ఎల్లులు, యు. కళ్ళా? కాళ్ళా? కంటి ఆసుపత్రికా, ఎముకల డాక్టరుకా? (కల్లు కూడా అవుతుంది గానీ మా నాన్న ఆ వయసు దాటిపోయాడు.) ఇలాంటి మెసేజ్‌ని వట్టి కళ్ళతో చదవడం ఎవరి వల్లా కాదు. మావాడి గొంతులో రెండుసార్లు అనిపించుకుని, వాడు దేన్ని ఎక్కడ సాగదీస్తాడో విని, అప్పుడు కాళ్ళని తేల్చుకున్నాను.

అసలు మనకి 'చదవడం' అన్న మాటలోనే గొంతుంది. పద్యం చదవడం అంటే పుస్తకంలోకి చూడటం కాదు, రాగం తీసి వినిపించడం. పురోహితుడు మంత్రం చదువుతాడు. పెళ్ళిలో 'చదివింపులు' అంటే ఎవరెంత ఇచ్చారో అందరూ వినేలా పైకి చెప్పడం. ఫలానా వారు నూట పదహార్లు చదివించారు అంటాం, అక్కడ పుస్తకం ఏదీ ఉండదు, ఒక నోటుబుక్కు తప్ప. మా అమ్మమ్మ భారతం పెదాలు కదుపుతూ చదివేది. "లోపల చదువుకోవచ్చు కదా అమ్మమ్మా" అంటే, "లోపల చదివితే ఎవరికే వినపడేది?" అనేది. తనకే వినపడదని ఆవిడ ఉద్దేశం.

మౌనంగా చదవడం ఈమధ్య వచ్చిన అలవాటు అని చెప్పబోవడం లేదు. ఆ కథ అందరూ చెప్తారు. 4వ శతాబ్దంలో మిలాన్‌లో బిషప్ ఆంబ్రోస్ పెదాలు కదపకుండా చదువుతుంటే, తర్వాత పెద్ద క్రైస్తవ మతాచార్యుడైన అగస్టీన్ ఆశ్చర్యపోయాడు, కాబట్టి అప్పటిదాకా ప్రపంచంలో అందరూ పైకే చదివేవారు అని. 1968లో బెర్నార్డ్ నాక్స్ అనే పండితుడు గ్రీకు నాటకాల్లోంచే ఉదాహరణలు తీసి, అంతకు చాలా ముందే మౌనంగా చదివేవాళ్ళున్నారని చూపించాడు. మౌనం పాతదే. మౌనంలో గొంతూ పాతదే.

మరి ఆ గొంతు ఎవరిది? ఇక్కడే నాకు ఆసక్తి ఎక్కువ. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ యూనివర్సిటీలో ఫిలిక్, బార్బర్ అని ఇద్దరు 2011లో ఒక చక్కటి పని చేశారు. ఉత్తర ఇంగ్లండ్ వాళ్ళు 'బాత్' అన్న మాటని పొట్టిగా, దక్షిణం వాళ్ళు సాగదీసి పలుకుతారు. ప్రాస చివర అలాంటి మాట వచ్చేలా చిన్న పద్యాలు ఇచ్చి మౌనంగా చదవమని, కళ్ళు ఎలా కదులుతున్నాయో చూశారు. చదివేవాళ్ళ యాసలో ప్రాస కుదరని చోట కన్ను తడబడింది. మౌనంగా చదివినా ఎవరి యాసలో వాళ్ళే చదువుకుంటున్నారన్నమాట.

ఇది చదివినప్పుడు నాకు ఒక పాత తప్పు గుర్తొచ్చి సిగ్గేసింది. చేరిన కొత్తలో ఒక తెలంగాణ రచయిత కథలకి ప్రూఫు చూశాను. 'వచ్చిండు', 'చెప్పిండు' ఉన్న చోట కథ చెప్పే గొంతులో కొన్ని 'వచ్చాడు', 'చెప్పాడు' చేసేశాను. కావాలని కాదు. నా లోపలి గొంతు కృష్ణా జిల్లాది, అది పలికినట్టు నా పెన్సిలు దిద్దుకుంటూ పోయింది. ఆయన ప్రూఫులు తిప్పి పంపుతూ అంచు మీద రాశారు: "మేడమ్, స్పెల్లింగ్ దిద్దుండ్రి, నా నోరు దిద్దకుండ్రి." ఆ కాగితం ఇప్పటికీ నా టేబుల్ అద్దం కింద ఉంది. గిడుగు రామమూర్తి గారు 1919లో 'తెలుగు' అని పత్రిక పెట్టి మరీ పోట్లాడింది ఎవరి నోటా లేని భాష పిల్లల చేత రాయించొద్దని కదా. ఆ పోరాటంలో గెలిచాక మనం చేసింది ఒక ప్రాంతం నోటిని అందరి అచ్చులోకీ ఎక్కించడం. నేనూ ఒక పెన్సిలు సాయం చేశాను.

ఇంతవరకూ గొంతు అందరికీ ఉంటుందన్నట్టు రాసుకొచ్చాను. ఉండదు. నాకు ఈ సంగతి పెళ్ళయిన పన్నెండేళ్ళకి తెలిసింది. ఒకరోజు మా ఆయన పేపరు చదువుతుంటే అడిగాను, "మీకు లోపల ఎవరి గొంతు వినిపిస్తుంది?" అని. ఆయన పేపరు దించి నా వైపు అదోలా చూశారు. "గొంతులు వినపడుతున్నాయా నీకు? ఎప్పటినుంచి?"

ఆయనకి ఏమీ వినపడదట. డిటెక్టివ్ నవల చదివితే సందు, వీధి దీపం, కత్తి అన్నీ సినిమాలా కనపడతాయట, డైలాగులు మాత్రం అర్థమవుతాయే తప్ప వినపడవట. నాకు సరిగ్గా తిరగేసి. ఏ నవలలోనూ ఏ హీరోయిన్ మొహమూ నేను చూసి ఎరగను. అందరూ గొంతులే. బొమ్మ కనపడకపోవడానికి 2015లో ఆడమ్ జెమన్ అనే బ్రిటిష్ న్యూరాలజిస్టు 'అఫాంటసియా' అని పేరు పెట్టాడు గానీ, సంగతి 1880లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఆ రోజు పొద్దున టిఫిన్ చేసిన బల్లని తలుచుకోండి, ఎంత స్పష్టంగా కనపడుతోంది అని జనాన్ని అడిగితే, కొందరు అచ్చం ఎదురుగా ఉన్నట్టే అన్నారు, కొందరు శాస్త్రవేత్తలు ఇదేం పిచ్చి ప్రశ్న అన్నారు. మాటలు వింటుంటే అవి అచ్చులో ఉన్నట్టు కళ్ళ ముందు కదిలిపోయేవాళ్ళ గురించి కూడా ఆయనే రాశాడు. అలాంటివాళ్ళు దొరికితే ప్రూఫులకి వెంటనే పెట్టేసుకుంటాం.

లోపలి మాట తక్కువగా ఉన్నవాళ్ళ మీద 2024లో నెడర్‌గార్డ్, లుప్యాన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక అధ్యయనం అచ్చువేశారు. ఆ మనుషులు మాటల జాబితా గుర్తుపెట్టుకోవడంలో, రెండు మాటలకి ప్రాస కుదిరిందా లేదా చెప్పడంలో కాస్త వెనకబడ్డారు. మా ఆయన మీద నేనూ ప్రయోగం చేశాను. పడవ, గొడవ, గొడుగు రాసి చూపించి, చివర ప్రాస కలిసేవి ఏవి అని అడిగాను. టక్కున చెప్పేశారు. కానీ చెప్పేముందు పెదాలు కదిలాయి. నేను చూశాను, ఆయన ఒప్పుకోరు.

రెండో కొసకి వెళ్తే, ఇంగ్లండ్‌లోని డరమ్ యూనివర్సిటీలో చార్లెస్ ఫెర్నిహో అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు పదిహేను వందల మందికి పైగా పాఠకుల్ని అడిగితే, దాదాపు ఏడుగురిలో ఒకరు కథలో మనుషుల గొంతులు పక్కన కూర్చుని మాట్లాడుతున్నంత స్పష్టంగా వినపడతాయన్నారు. నేను ఆ ఒక్కరిలో ఉంటాననుకుంటా.

కాబట్టి మావాడి సారు మీద నా ఫిర్యాదు అందరికీ గొంతు ఉండాలని కాదు. మా ఆయన గొంతు లేకుండానే హాయిగా చదువుకుంటున్నారు, ఆయనకి పుట్టినప్పటి నుంచి ఉన్న దారి అది. కానీ ఉన్నవాడి నోట్లో గమ్ పెట్టి అది చిన్నప్పటి చెడ్డ అలవాటు, వదిలించుకో అనడం వేరు. పరీక్షకి రెండు నెలల ముందు అది మరీ అన్యాయం.

వాడు గాలిపటం తెంపుకుని కిందికి వచ్చాక ఒక పరీక్ష పెట్టాను. "ఒకటి, ఒకటి, ఒకటి అని పైకి అంటూ ఇది చదువు" అని ఆ రోజు పేపరు ఇచ్చాను. చదివాడు, వార్త ఏమిటో చెప్పాడు. మొహం వెలిగింది. తర్వాత 'కాకీక కాకికి కాక కేకికా' అని కాగితం మీద రాసి ఇచ్చాను. "ఒకటి, ఒకటి, ఒక... ఏంటిది?" ఆగిపోయాడు. కాకి ఈక కాకికి కాక నెమలికా అని అర్థం. చూపుకి అది కకారాల కుప్ప. మనసులో పలికితే తప్ప ఎక్కడ విరగాలో తెలియదు. ఆ తర్వాత ఒక ఉత్పలమాల ఇచ్చాను. అచ్చులో పద్యం అంటే సంధులతో కలిసిపోయిన దండ, మాట ఎక్కడ మొదలైందో కంటికి దొరకదు. నోరు 'ఒకటి, ఒకటి' అంటుంటే పదో అక్షరం దగ్గర యతి ఎలా వినపడుతుంది? రెండో పాదానికి వాడు 'ఒకటి' మానేసి పద్యం అందుకున్నాడు, పైకే. హైస్కూల్లో తెలుగు మాస్టారు నేర్పిన రాగం, శ్రుతి కుదరలేదు గానీ రాగం అదే.

"పద్యాలు గ్రూప్-2లో రావు పిన్నీ" అన్నాడు పూర్తయ్యాక.

నిజమే, రావు.

వెళ్ళే రోజు బస్సు కోసం నిలబడ్డప్పుడు వాడే అడిగాడు. "నా మెసేజ్‌లు చదివేటప్పుడు నీకు నా గొంతే వినపడుతుందా?"

"నీదే."

"ఎలా ఉంటుంది?"

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించాను. ఎనిమిదో తరగతి అయ్యాక వాడిని హాస్టల్లో వేశారు. అప్పటినుంచి పండగలకి కనిపించడమే, మిగతా అంతా ఫోన్లో మెసేజ్‌లే. ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నవాడిది బొంగురు గొంతు, వాళ్ళ నాన్న గొంతు. రాత్రి ఎప్పుడో వాడి మెసేజ్ తెరిస్తే పలికేది మాత్రం ఇంకా ఆ సన్నటి గొంతే, వాక్యం చివర్లో కీచుమని పైకి లేచేది.

"ఇలాగే ఉంటుంది" అన్నాను. బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక చూశాను, పుస్తకం తీశాడు. దవడ కదులుతోందా, పెదాలు కదులుతున్నాయా, కిందినుంచి సరిగ్గా కనపడలేదు.